వాహనం నమోదు సంఖ్య

నారిన్‌లో అక్టోబరు చివరికల్లా
కిటికీ అద్దం లోపలి వైపే గడ్డకడుతుంది.
సంస్థ రెండో అంతస్తులో, రేడియేటర్ మీద
చేతి తొడుగులు ఆరేసుకుని
కంప్యూటరు ముందు నేనూ బురుల్చా అక్కా.
ఆమె మంచును కొలిచే మనిషి.
నేను డబ్బును కొలిచే మనిషిని.
రెండూ కరిగేవే.

మంత్రిత్వ శాఖ గ్రాంటుకి గడువు ఈ రాత్రి పన్నెండు.
పద్దెనిమిది మంది కుర్రకారు, ఆరు రోజులు,
హిమానీనదం అంచున ఒక కార్యశాల:
గొయ్యి తవ్వడం, మంచు పొరలు చదవడం,
గొట్టంతో తూకం వేసి
వేసవికి ఎన్ని నీళ్లు దిగుతాయో చెప్పడం.
మేం అడిగేది ఇంతే.
ఫారం ముప్ఫై నాలుగు పేజీలు.

"ఆశించిన ఫలితం, రెండు వందల అక్షరాలు మించరాదు."
అక్క రాసింది: నా తర్వాత కొలిచేవాళ్లు ఉంటారు.
నేను కొట్టేసి
సామర్థ్యాభివృద్ధి అని పెట్టాను.
పంటికింద రాయి పడ్డట్టు చూసింది నన్ను.

"లబ్ధిదారుల సంఖ్య."
పద్దెనిమిదా?
దిగువన ఆ నీళ్లు తాగే ఊళ్లన్నీ కలపాలా,
బార్లీ చేలనీ గొర్రెలనీ కూడానా?
గడి మూడంకెలకే ఒప్పుకుంది.
తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
మిగతావాళ్లకు దాహం వెయ్యదు కాబోలు.

టీ ఖర్చు దగ్గర గడి ఎర్రబడింది:
"ఉపాహారాలు అనుమతించబడవు."
అంత ఎత్తున టీ ఉపాహారం కాదు,
వేళ్లు పెన్సిలు చుట్టూ వంగడానికి అదే దిక్కు.
ఉష్ణ సామగ్రి అని పేరు పెట్టి
పరికరాల పద్దులోకి జరిపాను.
ఇరవై రెండేళ్ల నౌకరీలో నాకబ్బిన విద్య:
వస్తువును కదపకుండా గడి మార్చడం.

తర్వాత రవాణా.
చివరి పదకొండు కిలోమీటర్లకు రోడ్డు లేదు.
తోక్తోసున్ ముసలాయన గుర్రాలు, ఆరు, అద్దెకి.
వాహనం రకం: కారు, బస్సు, ట్రక్కు, విమానం.
విమానం ఉంది, గుర్రం లేదు.
ట్రక్కు నొక్కాను.
"నమోదు సంఖ్య?"

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాం,
నీ గుర్రాలకి నంబర్లున్నాయా అని.
చాలాసేపు గాలి చప్పుడు.
"పేర్లే లేవు తల్లీ. రంగులున్నాయి,
చెవికి కోసిన గాట్లున్నాయి. అవి రాసుకో."
పెట్టేసే ముందు ఒక మాట కలిపాడు:
"గోధుమరంగుదానికి ఒక కన్ను కనపడదు.
అలాగని దాణా తగ్గించకండి."

అక్క నవ్వడం మొదలుపెట్టింది.
నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
నవ్వు ఆగింది గానీ తుడుచుకోవడం ఆగలేదు.
ఆ గుడ్డిదాని తల్లి, దాని తల్లి,
ముప్ఫై ఒక్క వసంతాలు ఆమెను పైకి మోశాయి.
మొదటి ఏడాది, గుర్రం ఆగిన చోటే
మంచుగడ్డ మొదలయ్యేదట.
ఇప్పుడు గుర్రం దిగాక
నలభై నిమిషాలు రాళ్ల మీద నడక.
దీన్ని ఎక్కించడానికి
ముప్ఫై నాలుగు పేజీల్లో ఎక్కడా గడి దొరకలేదు నాకు.

పదకొండు యాభై రెండు.
నమోదు సంఖ్య: గోధుమ-1, నల్ల-2, నల్ల-3, బూడిద-4,
ఇంకో రెండు.
ఇంధనం: బార్లీ, నూట ఇరవై కిలోలు.
టీని పట్టుకున్న యంత్రం
గుర్రాలను కిమ్మనకుండా వదిలేసింది.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది.
అడిగినదానిలో అరవై శాతం.
పద్దెనిమిది పన్నెండయ్యారు.
ఉష్ణ సామగ్రి కొట్టేశారు, టీ ఆకు ఇంటినుంచి పట్టుకెళ్లాలి.
అడుగున, బిష్కెక్‌లో ఎవరో,
నీలం పెన్నుతో, కాస్త వంకరగా:
"బూడిద-4 బీమా పత్రం జతచేయలేదు."

అక్క ఆ గీతను వెలుతురుకి పెట్టి చూసింది.
చిన్నప్పుడు జీను లేకుండా
స్వారీ చేసిన చెయ్యి ఇది, అంది.
వేళాకోళమే అంటుంది ఆమె.
నేను, ఎందుకైనా మంచిదని,
బీమా ఆఫీసుకి ఫోన్ చేశాను.